రెండోసారి వెళ్ళినవాడు

స్పెయిన్ అంతర్యుద్ధం గురించి కాస్తో కూస్తో చదివినవాళ్ళకి జాన్ కార్న్‌ఫర్డ్ పేరు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. కేంబ్రిడ్జిలో చరిత్ర విద్యార్థి, కవి, కమ్యూనిస్టు. 1936 జూన్‌లో ఫైనల్ పరీక్షలు రాసి ఫస్ట్ క్లాసులో నెగ్గాడు. అదే ఏడాది డిసెంబర్ చివర్లో దక్షిణ స్పెయిన్‌లో, ఆలివ్ తోటల మధ్య జరిగిన ఒక దాడిలో చనిపోయాడు. ఈ రెండిటికీ మధ్య ఆరు నెలలే.

అతని కథని సాధారణంగా ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు. తెలివైన కుర్రాడు, ఆశయం కోసం అన్నీ వదిలేసి వెళ్ళాడు, ప్రాణాలిచ్చాడు అని. నాకు ఈ వాక్యంతో పేచీ ఉంది. జాన్ స్పెయిన్‌కి ఒకసారి వెళ్ళి ఆగిపోలేదు, రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు అతనికి యుద్ధం అంటే ఏంటో తెలీదు. రెండోసారి వెళ్ళేటప్పటికి బాగా తెలుసు. మధ్యలో మూడు వారాలు ఇంట్లో ఉన్నాడు. నాకు అతని మీద ఆసక్తి కలిగింది ఆ మూడు వారాల వల్లే.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. 1915 డిసెంబర్ 27న కేంబ్రిడ్జిలో పుట్టాడు. తల్లి ఫ్రాన్సెస్ కార్న్‌ఫర్డ్ పేరున్న కవయిత్రి. ఆమె చార్లెస్ డార్విన్‌కి మనవరాలు, అంటే మన జాన్ డార్విన్‌కి మునిమనవడు. తండ్రి ఫ్రాన్సిస్ కార్న్‌ఫర్డ్ గ్రీకు తత్వశాస్త్రంలో ప్రొఫెసర్. ప్లేటో 'రిపబ్లిక్'కి ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం ఇప్పటికీ చదువుతున్నారు. యూనివర్సిటీ రాజకీయాల మీద ఒక చిన్న వ్యంగ్య పుస్తకం కూడా రాశాడు, దాని పేరు 'మైక్రోకాస్మోగ్రాఫియా అకడెమికా'. కాలేజీ కమిటీల్లో ఎప్పుడైనా ఇరుక్కున్నవాళ్ళు తప్పక చదవాలి. తల్లి ఫ్రాన్సెస్, తండ్రి ఫ్రాన్సిస్ కావడంతో ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ ఇద్దర్నీ పొడి అక్షరాలతో వేరు చేసి పిలిచేవాళ్ళట.

అతని అసలు పేరు రూపర్ట్ జాన్. ఆ రూపర్ట్ వెనక ఒక కథ ఉంది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో దేశం కోసం చావడం ఎంత గొప్పదో చెబుతూ పద్యాలు రాసి ఇంగ్లండంతా మోగిపోయిన కవి రూపర్ట్ బ్రూక్. అందగాడు, కార్న్‌ఫర్డ్ కుటుంబానికి ఆప్తుడు. 1915 ఏప్రిల్‌లో సైన్యంతో గల్లిపోలీ వైపు వెళుతూ, అక్కడికి చేరకుండానే, ఇన్‌ఫెక్షన్ వచ్చి ఓడలో చనిపోయాడు. ఎనిమిది నెలల తర్వాత పుట్టిన బిడ్డకి ఆ తల్లి అతని పేరు పెట్టుకుంది. పిల్లవాడు పెద్దయ్యాక ఆ పేరు పక్కన పడేసి ఉత్త జాన్‌గా మిగిలాడు. యుద్ధాన్ని వెలిగించి చూపించే కవిత్వం అతనికి పడేది కాదు. చివరికి అతనూ సైనికుడైన కవిగానే చనిపోయాడు. కల్పించి రాస్తే అతికినట్టు లేదంటారు, కానీ జరిగింది ఇదే.

స్టో అనే బోర్డింగ్ స్కూల్లో చదివేటప్పుడు తల్లితో ఉత్తరాల్లో కవిత్వం గురించి పోట్లాడేవాడు. ఆమెది ప్రకృతి, మనసు, మెత్తని మాటలు. ఇతను ఎలియట్‌నీ ఆడెన్‌నీ చదువుతున్నాడు. పదిహేను పదహారేళ్ళకే తల్లి పద్యాల్లో ఎక్కడ పట్టు లేదో మొహమాటం లేకుండా చెప్పేవాడు. ఆమె కూడా కోపం తెచ్చుకోకుండా జవాబు రాసేది. ఆ వయసులోనే మార్క్స్ చేతికి దొరికాడు. బోర్డింగ్ స్కూల్లో కూర్చుని 'పెట్టుబడి' చదవడం, దాని గురించి తమ్ముడికి ఉత్తరాలు రాయడం. పదిహేడు నిండేసరికి ట్రినిటీ కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చేసింది. సీటు చేతిలో ఉంది, చేరడానికి ఇంకా నెలలున్నాయి. ఆ ఖాళీలో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్ళి, అక్కడ చదువుకన్నా రాజకీయాలు ఎక్కువ నేర్చుకున్నాడు. అది 1933. ఆ జనవరిలోనే జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు.

ట్రినిటీ అంటే మనకి కొత్తేం కాదు. పాతికేళ్ళ ముందు నెహ్రూ చదివిందీ అక్కడే. జాన్ వచ్చేటప్పటికి కేంబ్రిడ్జి గాలి మారుతోంది. బ్రిటన్‌లో లక్షలాది మందికి పనిలేదు. 1934 ఫిబ్రవరిలో ఉత్తరాది నుంచి ఆకలి యాత్రగా లండన్‌కి నడిచి వెళ్తున్న నిరుద్యోగులు కేంబ్రిడ్జి మీదుగా వెళ్తే, విద్యార్థులు ఎదురెళ్ళి వాళ్ళతో కలిసి నడిచారు. ఇలాంటి పనులన్నిట్లో జాన్ ముందుండేవాడు. నల్లటి చెదిరిన జుట్టు, మాసిన బట్టలు, చేతిలో సిగరెట్టు, ఆగకుండా మాట్లాడడం. అతని తోటివాడు విక్టర్ కీర్నన్ తర్వాతి కాలంలో లాహోర్‌లో పాఠాలు చెప్పి, ఇక్బాల్‌నీ ఫైజ్‌నీ ఇంగ్లీషులోకి తెచ్చాడు. జాన్ గురించి జ్ఞాపకాలు రాసినవాళ్ళలో ఆయనా ఒకడు. అదే కాలేజీలో అదే గాలి పీల్చిన గై బర్జెస్, ఆంథొనీ బ్లంట్ లాంటివాళ్ళు తర్వాత సోవియట్ గూఢచారులుగా బయటపడ్డారు. అది వేరే కథ, వేరే వ్యాసం.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. అతన్ని వీరుడిగా రాసేవాళ్ళు దీన్ని ఒక్క ముక్కలో దాటేస్తారు. లండన్‌లో ఉన్నప్పుడు అతనికి వేల్స్ నుంచి వచ్చిన ఒక శ్రామిక యువతి పరిచయమైంది. ఇద్దరూ కలిసి బతికారు. వాళ్ళకి ఒక కొడుకు పుట్టాడు, పేరు జేమ్స్. జాన్‌కి అప్పటికి ఇరవై నిండలేదు. కొన్నాళ్ళకి జాన్ ఆమెని వదిలేసి, న్యూనమ్ కాలేజీలో చదివిన మార్గో హైన్‌మన్‌తో ప్రేమలో పడ్డాడు. మార్గో అతనికి చదువులో, రాజకీయాల్లో, అన్నిట్లో సమవుజ్జీ. అతని పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే ప్రేమ ఇదే. మొదటి అమ్మాయికి మాత్రం పుస్తకాల్లో పెద్దగా చోటు దొరకలేదు. శ్రామిక వర్గం కోసం ప్రాణమిస్తానన్న కుర్రాడు, ఆ వర్గం నుంచి వచ్చిన అమ్మాయిని, చేతిలో పిల్లాడితో వదిలేశాడు. వయసు చిన్నది అని సర్దుకోవచ్చు. నేను సర్దుకోలేకపోతున్నాను. అలాగని ఇదొక్కటే పట్టుకుని అతన్ని కొట్టిపారేయడమూ నాకు చేతకాదు. రెండూ ఒకే మనిషివి.

1936 జూన్‌లో ఫస్ట్ క్లాస్, అదీ ప్రత్యేక గుర్తింపుతో. రీసెర్చ్ స్కాలర్‌షిప్ సిద్ధంగా ఉంది. ఎలిజబెత్ రాణి కాలం మీద పరిశోధన చేయాలి. మన భాషలో చెప్పాలంటే ఇంకో ఇరవై ఏళ్ళ దాకా లైఫ్ సెటిల్. వేసవి చివర్లో మార్గోతో కలిసి దక్షిణ ఫ్రాన్స్‌లో సెలవులు గడపాలని ప్లాన్.

స్పెయిన్ సంగతి క్లుప్తంగా. 1936 ఫిబ్రవరి ఎన్నికల్లో వామపక్ష, ఉదారవాద పార్టీల కూటమి పాపులర్ ఫ్రంట్ నెగ్గింది. జూలై 17న మొరాకోలోని స్పెయిన్ సైన్యం ఆ ప్రభుత్వం మీద తిరగబడింది. ఆ తిరుగుబాటు సేనాధిపతుల్లో కొద్దిరోజుల్లోనే పైకొచ్చినవాడు ఫ్రాంకో. హిట్లర్, ముస్సోలినీ అతనికి విమానాలు పంపారు. బ్రిటన్, ఫ్రాన్స్ జోక్యం చేసుకోం అని చేతులు కట్టుకున్నాయి. ప్రభుత్వం వైపు సైన్యం చాలా చోట్ల చెదిరిపోయింది. దాంతో కార్మిక సంఘాలు, పార్టీలు ఎవరికి వాళ్ళు దళాలు కట్టి, దొరికిన తుపాకులతో ఎదురు నిలబడ్డాయి. బార్సిలోనా వీధుల్లో కార్మికులే సైన్యాన్ని ఓడించారన్న వార్త యూరప్ అంతా పాకింది. ఇక్కడ శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గీతాలు రాస్తున్న రోజులే ఇవి. ఆ కాలపు కుర్రాళ్ళ నెత్తురు ఏ వేడి మీద ఉందో మనం ఊహించుకోగలం.

ఆగస్టు మొదట్లో జాన్ ఒక పత్రిక ఇచ్చిన పరిచయ పత్రంతో బార్సిలోనా చేరాడు. నాలుగు రోజులు చూసి, వీలైతే నాలుగు తూటాలు కాల్చి, ఆ తర్వాత మార్గో దగ్గరికి వెళ్ళిపోదామన్నది ఆలోచన. ఇది నా వెటకారం కాదు, దాదాపు ఇలాగే అతను మార్గోకి రాసుకున్నాడు. కారు దొరికితే ఆరగాన్ ఫ్రంట్‌కి వెళ్ళాడు. లెసిన్యేనా అనే పల్లెలో, ఆగస్టు మధ్యలో, అక్కడున్న పౌమ్ పార్టీ దళంలో చేరిపోయాడు. ఆ యుద్ధంలో తుపాకీ పట్టిన మొదటి ఇంగ్లీషువాళ్ళలో అతనొకడు. హాస్యం ఏంటంటే పౌమ్ స్టాలిన్‌ని వ్యతిరేకించే మార్క్సిస్టు పార్టీ. జాన్ స్టాలిన్ వైపు ఉన్న పార్టీ సభ్యుడు. ఏ దళం దగ్గరగా ఉంటే, ఏ దళం తుపాకీ ఇస్తే అందులో చేరడమే ఆ రోజుల్లో పద్ధతి.

చేరిన మర్నాటి నుంచే పరిస్థితి అర్థమైంది. స్పానిష్ సరిగా రాదు. పక్కనున్నవాళ్ళలో చాలామంది కాటలాన్ మాట్లాడేవాళ్ళు. ఎండ, ఈగలు, రాత్రుళ్ళు కాపలా, చేసే పనేమీ లేక పడి ఉండడం. పోరాటం కన్నా ఎదురుచూపే ఎక్కువ. మార్గోకి రోజువారీగా పెద్ద ఉత్తరం రాస్తూ పోయాడు, డైరీ లాగా. ఆ ఉత్తరంలో వీరత్వం వెతికితే దొరకదు. ఒంటరితనం, భయం, అనవసరంగా వచ్చి ఇరుక్కున్నానా అన్న బెంగ. సరదాకి సైనికుడి ఆట ఆడలేనని, ఒకసారి దిగాక మధ్యలో వదిలి పోవడం కుదరదని మెల్లగా తెలిసొచ్చింది. పెర్దిగేరా అనే ఊరి మీద చేసిన దాడి అస్తవ్యస్తంగా సాగి విఫలమైంది. ఎవరు ఎటు వెళ్ళాలో చెప్పే నాథుడు లేడు. తర్వాత వెస్కా పట్టణం దగ్గర తియెర్స్ అనే పల్లెకి మారారు. అక్కడ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన హిట్లర్ వ్యతిరేకులు కొందరు తోడయ్యారు. మాట కలిసింది, క్రమశిక్షణ కలిసింది. అప్పుడు కాస్త కుదుటపడ్డాడు.

చదవదగ్గ కవితలు రాసింది ఈ వారాల్లోనే. స్పెయిన్‌లో రాసినవి నాలుగు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒకటి తియెర్స్ దగ్గర నిండు వెన్నెల రాత్రి, దాడికి ముందు రాసింది. చరిత్ర, విప్లవం లాంటి పెద్ద మాటలు ఎక్కువ. నాకు అంత రుచించలేదు. 'ఆరగాన్ నుంచి ఒక ఉత్తరం' అనే రెండోది అలా కాదు. చచ్చిపోయిన ఒక తోటివాణ్ణి పెట్టెలో పెట్టి పూడ్చడం, వాసన, పక్కన తుపాకీ మోత, ఆస్పత్రిలో కలిసిన ఒక కార్మికుడు ఇంగ్లండ్ వాళ్ళకి చెప్పమన్న మాట. అలంకారం దాదాపు లేదు. పత్రికలో వార్తలా ఉంటుంది. మూడోది మార్గోకి రాసిన ప్రేమ కవిత, పదహారే పదహారు పంక్తులు. ఆమె గుర్తొస్తే పక్కలో నొప్పిగా ఉందని, చూపు మీద నీడ పడినట్టుందని, తనకి భయంగా ఉందని, ఒకవేళ చనిపోతే మంచినంతా గుర్తుంచుకోమని, తన ప్రేమని మర్చిపోవద్దని. అందులో విప్లవం ఒక్క గీతంత కనపడుతుంది, మిగతాదంతా భయపడుతున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు ప్రేమ కవితల సంకలనాల్లో ఇప్పటికీ ఇది కనిపిస్తూనే ఉంటుంది.

సెప్టెంబర్‌లో జబ్బు చేసింది. ఫ్రంట్ నుంచి బార్సిలోనా ఆస్పత్రికి, అక్కడి నుంచి సెలవు మీద ఇంగ్లండ్‌కి పంపేశారు.

ఇదిగో ఆ మూడు వారాలు. కేంబ్రిడ్జిలో ఇల్లుంది. స్కాలర్‌షిప్ అలాగే ఉంది. మార్గో ఉంది. రెండేళ్ళు నిండని కొడుకున్నాడు. స్పెయిన్‌కి వెళ్ళి యుద్ధం చేసి వచ్చినవాడన్న పేరు వచ్చేసింది, ఇక ఏ మీటింగుకి వెళ్ళినా చప్పట్లే. వెనక్కి వెళ్ళమని ఎవరూ తోయలేదు. వెళ్ళకపోతే పిరికివాడని అనేవాళ్ళూ లేరు, ఒకసారి వెళ్ళొచ్చాడు కదా. ఒళ్ళు కూడా బాగా లేదు. అంత దగ్గరి నుంచి చూశాక అతనికి యుద్ధం మీద భ్రమలూ మిగల్లేదు.

ఆ వారాల్లో అతను చేసిన పని ఒక చిన్న దళాన్ని పోగుచేయడం. ఆరగాన్‌లో ధైర్యానికి లోటు లేదు, శిక్షణా క్రమశిక్షణా లేకే జనం చచ్చిపోతున్నారని అతనికి అర్థమైంది. కొద్దిమంది ఇంగ్లీషువాళ్ళు వెళ్ళి, పద్ధతిగా ఉండి, రోజూ గడ్డం గీసుకుని మరీ ఆదర్శంగా నిలబడాలని అతని పట్టుదల. రోజూ షేవింగ్ అన్నది మనకి నవ్వు తెప్పించొచ్చు. సొంత గడ్డం సంగతే ఎప్పుడూ పట్టించుకోని మనిషి చెప్పాడంటే ఎంత మారాడో చూడండి. కేంబ్రిడ్జిలో గ్రీకు చదివిన బెర్నార్డ్ నాక్స్, నవలాకారుడు జాన్ సోమర్‌ఫీల్డ్ ఆ గుంపులో ఉన్నారు. బయల్దేరే ముందు తండ్రి ఫ్రాన్సిస్ మొదటి యుద్ధం నాటి తన పిస్తోలు తీసి కొడుకు చేతికిచ్చాడు. ప్లేటో పండితుడు ఆయన. మొదటి యుద్ధంలో సైనికులకి తుపాకీ కాల్చడం నేర్పిన సార్జెంటు కూడా. కొడుకుని ఆపలేకపోయినా వట్టి చేతులతో పంపలేకపోయాడు. ఆ పిస్తోలు ఇచ్చేటప్పుడు ఆయన మనసులో ఏముందో ఊహించి రాయడం నాకిష్టం లేదు.

అక్టోబర్ మొదట్లో బయల్దేరారు. పారిస్, మార్సెయి, అక్కడి నుంచి ఓడలో అలికాంతె రేవు. అప్పటికి అంతర్జాతీయ దళాలు పుట్టుకొస్తున్నాయి. రెండేళ్ళలో యాభై దాకా దేశాల నుంచి ముప్ఫై వేలకు పైగా మనుషులు ఈ దళాల్లో చేరారు. బ్రిటన్ నుంచి వెళ్ళినవాళ్ళు సుమారు 2,500 మంది, తిరిగి రానివాళ్ళు 500 మందికి పైనే. కానీ జాన్ వాళ్ళు వెళ్ళేటప్పటికి ఇంగ్లీషువాళ్ళు పట్టుమని పాతిక మంది లేరు. అందుకని ఫ్రెంచివాళ్ళ కమ్యూన్ ద పారి బెటాలియన్‌లో మెషిన్‌గన్ విభాగంలో వేశారు.

మెకానికల్ బ్రాంచి వాళ్ళకి ఇక్కడ ఒక ముక్క. వాళ్ళకి ఇచ్చింది సాంతెత్యెన్ మెషిన్‌గన్. 1907 నాటి ఫ్రెంచి డిజైను. పేలినప్పుడు పుట్టే గ్యాసు పిస్టన్‌ని ముందుకి నెడుతుంది. ఆ కదలికని ర్యాక్ అండ్ పినియన్ గేరుతో వెనక్కి తిప్పి బోల్టుని నడపాలి. మామూలుగా వెనక్కే నెడితే పోయేదానికి ఇంత తిప్పుడెందుకో డిజైన్ చేసినవాడికే తెలియాలి. భాగాలు ఎక్కువ, దుమ్ము పడితే ఆగిపోవడం ఎక్కువ. స్టాండుతో కలిపి బరువు 50 కిలోలకు పైన. మొదటి ప్రపంచయుద్ధంలోనే ఫ్రెంచి సైన్యం దీన్ని తప్పించి వేరే గన్‌కి మారింది. అలా మూలన పడ్డ సరుకు ఇరవై ఏళ్ళ తర్వాత స్పెయిన్‌లో వాలంటీర్ల భుజాలకెక్కింది. దాన్ని మోసుకుని పరిగెత్తాలి.

నవంబర్ 8న అంతర్జాతీయ దళం మాడ్రిడ్ వీధుల్లో కవాతు చేస్తూ నడిచింది. ఫ్రాంకో సైన్యం నగరం అంచుకి వచ్చేసింది, ప్రభుత్వం అప్పటికే వలెన్సియాకి వెళ్ళిపోయింది. పోరు ముదిరింది యూనివర్సిటీ సిటీలో. అది అప్పుడే కడుతున్న క్యాంపస్, కొన్ని బిల్డింగులు ఇంకా పూర్తి కూడా కాలేదు. తత్వశాస్త్రం, సాహిత్యం విభాగాల కొత్త భవనం మూడేళ్ళ కిందటే తెరిచారు. జాన్ వాళ్ళు దాన్ని పట్టుకుని కూర్చున్నారు. కిటికీలకి అడ్డం పెట్టడానికి ఇసుక బస్తాల్లేవు. లైబ్రరీ ఉంది. లావుపాటి పుస్తకాలు ఏరి గోడలు కట్టారు. ఆ పుస్తకాల్లో ఎక్కువ పనికొచ్చినవి రెండు రకాలని వాళ్ళు తర్వాత రాసుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ తత్వశాస్త్రం ఒకటి, భారతీయ తత్వశాస్త్రం ఒకటి. మన దర్శనాల మీద వచ్చిన ఉద్గ్రంథాలు మాడ్రిడ్‌లో తూటాలు ఆపాయన్నమాట. తూటా సగటున 350వ పేజీ దాకా దిగి ఆగుతోందని నాక్స్ లెక్క చెప్పాడు. అంతకన్నా సన్నని పుస్తకం అడ్డం పెట్టుకుంటే అంతే సంగతులు.

ఆ భవనంలోనే జాన్‌కి తలకి గాయమైంది. విచిత్రం, అది శత్రువు గుండు కాదు. విమానాల మీదికి తమవాళ్ళే పేల్చిన గుండు ఒకటి దారితప్పి వచ్చి వాళ్ళ గదిలో పేలింది. ఆస్పత్రిలో తలకి కట్టు కట్టారు. ఎన్నాళ్ళో ఆగకుండా, ఆ తెల్లటి కట్టుతోనే తిరిగొచ్చేశాడు. డిసెంబర్ మధ్యలో బొయాదీయా దగ్గర జరిగిన పోరులో నాక్స్ మెడలో తూటా దిగింది. నెత్తురు చూసి ఇక బతకడనుకున్నారు, ముందుకి వెళ్ళాల్సి వచ్చి అతన్ని అక్కడే వదిలేశారు. నాక్స్ బతికాడు. 2010 దాకా బతికాడు. అమెరికా వెళ్ళి గ్రీకు నాటకాల మీద పెద్ద పండితుడయ్యాడు. ఇంగ్లీషులో హోమర్‌ని ఫేగిల్స్ అనువాదంలో చదివినవాళ్ళు దానికి ముందున్న ఆయన పీఠిక చదివే ఉంటారు. బెటాలియన్‌తో వెళ్ళిన ఆ చిన్న ఇంగ్లీషు గుంపులో అప్పటికి మిగిలినవాళ్ళు కొద్దిమందే.

అప్పుడైనా ఇంటికి వెళ్ళిపోవచ్చు. మిగిలినవాళ్ళలో వెళ్ళినవాళ్ళున్నారు. జాన్ వెళ్ళలేదు. కొత్తగా వచ్చిన ఇంగ్లీషువాళ్ళతో 145 మంది కంపెనీ ఒకటి ఏర్పడింది, కెప్టెన్ జార్జ్ నేథన్. దాంట్లో చేరాడు. అందులోనే రాల్ఫ్ ఫాక్స్ కూడా ఉన్నాడు. 'నవల, ప్రజలు' అన్న అర్థం వచ్చే పేరుతో అతను రాసిన విమర్శ పుస్తకం మన దేశపు అభ్యుదయ రచయితలకి బాగా తెలిసినదే. క్రిస్మస్ ముందు రోజు వీళ్ళని దక్షిణాదికి, కోర్దొబా ఫ్రంట్‌కి పంపారు. లోపెరా అనే చిన్న ఊరు పట్టుకోవాలి. శిక్షణ సరిగా లేదు, పైన విమానాల సాయం లేదు, ఒక దళానికీ ఇంకో దళానికీ మధ్య మాట అందే ఏర్పాటు లేదు. ఆలివ్ తోటల గట్ల మీదుగా ఎదురుగా మెషిన్‌గన్ల వైపు నడిచారు. ఫాక్స్ చనిపోయాడు. జాన్ చనిపోయాడు. అది అతని 21వ పుట్టినరోజైన డిసెంబర్ 27 అనీ, ఆ మర్నాడు 28 అనీ రెండు రకాలుగా రాస్తారు. తలకున్న తెల్లటి కట్టే గురిపెట్టడానికి ఆనవాలయిందని తర్వాత చెప్పుకున్నారు. శవం దొరకలేదు. కంపెనీలో సగం మంది దాకా చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఊరు చేతికి రాలేదు. ఓడిపోయినందుకు పైవాళ్ళు వెతుక్కున్న జవాబు ఆ బెటాలియన్ ఫ్రెంచి కమాండర్ దెలసాల్. శత్రువుల గూఢచారి అని విచారణ జరిపి కాల్చేశారు.

సరిగ్గా ఆ వారంలోనే జార్జ్ ఆర్వెల్ బార్సిలోనాలో దిగాడు. జాన్ మొదట చేరిన పౌమ్ దళంలోనే చేరి, అదే ఆరగాన్ ఫ్రంట్‌కి వెళ్ళాడు. ఆరు నెలలు తిరక్కుండా, 1937 జూన్‌లో, పౌమ్‌ని ద్రోహుల పార్టీ అని నిషేధించారు. దాని నాయకుడు ఆంద్రెయు నిన్‌ని స్టాలిన్ మనుషులు మాయం చేసి చంపారు. ఆర్వెల్ ప్రాణాలరచేతిలో పెట్టుకుని బయటపడ్డాడు. పౌమ్ రాజకీయాలు జాన్‌కీ నచ్చేవి కావు, ఉత్తరాల్లో బాగానే విసుక్కున్నాడు. కానీ వెన్నెల్లో అతని పక్కన కాపలా కాసింది ఆ మనుషులే. వాళ్ళని ద్రోహులని సొంత పార్టీ అన్నప్పుడు అతను ఏమనేవాడు? తల ఊపేవాడా, ఆర్వెల్‌లా ఎదురు తిరిగేవాడా? అతని అభిమానులు ఒకటి చెప్తారు, విమర్శకులు ఇంకొకటి చెప్తారు. ఇరవై ఒకటికే ఆగిపోయినవాడి తరఫున జవాబు చెప్పే హక్కు ఇద్దరికీ లేదనే అనుకుంటున్నాను.

మరణవార్త ఇంటికి చేరేసరికి జనవరి వచ్చేసింది. స్నేహితులు జ్ఞాపకాలూ కవితలూ ఉత్తరాలూ కలిపి 1938లో ఒక పుస్తకం తెచ్చారు. తండ్రి 1943లో పోయాడు. తల్లి 1960 దాకా ఉంది, కవిత్వం రాస్తూనే ఉంది. మార్గో పార్టీలోనే ఉండిపోయింది. షేక్స్పియర్ కాలం నాటి నాటకాల మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకుంది. జాన్ చేయాల్సి ఉన్న ఎలిజబెత్ కాలపు పనికి అది ఎంత దగ్గరో అని నాకు అనిపించింది. ఆమె 1992లో చనిపోయింది. లోపెరాలో ఇప్పుడు ఫాక్స్‌కీ జాన్‌కీ కలిపి ఒక స్మారకం ఉంది.

లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో జాన్ విద్యార్థిగా ఉన్నప్పటి ఫోటో ఒకటుంది. అందులో అతని పక్కనున్నది మార్గో కాదు, మొదటి అమ్మాయి.

కొడుకు జేమ్స్‌ని తాతా నానమ్మా పెంచారు. ఎడిన్‌బరాలో రాజనీతి శాస్త్రం ప్రొఫెసర్ అయ్యాడు. తర్వాత లండన్‌లో ప్రభుత్వ విధానాల మీద పనిచేసే ఒక పరిశోధన సంస్థకి మొదటి డైరెక్టరయ్యాడు. 2011లో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు తండ్రి బతికిన ఏళ్ళకి మూడు రెట్లు దాటింది.